నాపరాయి మీద నాలుగు వాక్యాలు

కోడి కూసిన తరువాత, గుడి గంట కొట్టక ముందు, ఆరోగ్యమ్మ రోజూ చేసే పని ఒకటుండేది. ఒక చేత్తో నీళ్ల ముంత, ఇంకో చేత్తో పాత చీర పేలిక పట్టుకుని ఎదురుగా ఉన్న బడికి వెళ్లేది. గడప దగ్గర సిలువ గుర్తు వేసుకుని, గది ఊడ్చి, అన్నిటికంటే చివర బోర్డు రాయి తుడిచేది. పైభాగం నిలబడి తుడిచేది. కింది భాగం మోకాళ్ల మీద కూర్చుని, పొయ్యిగట్టు అలికినంత శ్రద్ధగా తడిగుడ్డతో రుద్దేది. బోర్డు పొడిగుడ్డతో తుడవాలి. నీళ్లు తగిలితే మీద పూసిన మసి కొంచెం కొంచెంగా లేచిపోతుంది. ఆ సంగతి ఆమెకు మొదట్లో ఎవరూ చెప్పలేదు. చెప్పిన తరువాతా ఆమె మానలేదు.

గురజాల నుంచి మాచర్ల పోయే బాటకు కొంచెం లోపలగా ఉండే ఆ ఊళ్లో బడి అంటే ఒకే ఒక గది. ఆదివారం గుడి, మిగతా రోజులు బడి. యుద్ధం మొదలైన కొత్తలో చెక్క బోర్డును చెదలు తినేస్తే ఇంకొకటి దొరకలేదు. రాళ్లపని చేసే మౌలాలీ, తానే వచ్చి అడిగి, మనిషంత ఎత్తు నాపరాయి పలక ఒకటి బండి మీద తెచ్చాడు. అడుగు నేలలో పాతి, వీపు గోడకు ఆనించి నిలబెట్టాడు. బొగ్గుపొడి, ఆకుపసరు, తుమ్మబంక కలిపి పూస్తే అది నిగనిగలాడే బోర్డు అయింది.

ఆ బోర్డు మీద ఇంగ్లీషు రాసినవాడు ఆరోగ్యమ్మ భర్త జక్కయ్య పంతులు. సాయంత్రం పిల్లల్ని పంపేశాక, మర్నాటి పాఠానికి నాలుగు వాక్యాలు రాసి పెట్టి గాని ఆయన ఇంటికి వచ్చేవాడు కాదు. వాటి వరస ఎన్నడూ మారేది కాదు. అన్నిటికంటే పైన చెప్పే వాక్యం, దాని కింద అడిగే వాక్యం, ఆ కింద ఆజ్ఞ, అడుగున ఆశ్చర్యం. పొద్దున పిల్లలు వచ్చీ రాగానే ఏది ఏ రకమో చెప్పాలి. సుద్దముక్కలు కరువైన రోజులు కాబట్టి బలపంతో రాసేవాడు. బలపం ఆ రాయి మీద సరిగా పడదు. గట్టిగా అదిమి రాసేవాడు.

"పంతులుగారూ, రాస్తన్నారా, చెక్కుతున్నారా? నా కూలి పడగొట్టేట్టున్నారే," అని మౌలాలీ దారిన పోతూ వేళాకోళం ఆడేవాడు.

ఆరోగ్యమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ఒక సాయంత్రం వంట దగ్గర, జక్కయ్య పొయ్యిలోని బూడిద నేల మీద పరిచి, వేలితో వాక్యాల చివర పెట్టే గుర్తులు గీసి చూపించాడు.

"ఇదేందయ్యా, కొక్కెం లాగుంది?"

"అది అడిగే వాక్యానికి. చివర కొక్కెం ఉందంటే ఎవరో ఏదో అడుగుతున్నారని."

"ఈ నిట్టకర్ర, కింద చుక్క?"

"ఆశ్చర్యానికి. అబ్బా, అయ్యో, ఎంత బాగుందో అంటాం గదా."

"మరి వట్టి చుక్క?"

"దానికి రెండు పనులు. చెప్పేదానికీ అదే, ఆజ్ఞకీ అదే."

"రెంటికీ ఒకటేనా! మీ దొరలకు గుర్తులు గూడా కరువొచ్చినయ్యా? నువ్వు ఊరికే చెప్తన్నావో, నన్ను పని చెయ్యమంటన్నావో తెలిసేదెట్టా?"

జక్కయ్య నవ్వాడు. "ఆజ్ఞలో ఎవరికి చెప్తున్నామో ఆ మనిషి పేరు ఉండదే. తలుపు వెయ్యి అంటాం. ఎవరు వెయ్యాలి? అది రాయం. అయినా ఆ మనిషి అక్కడ ఉన్నట్టే."

"కనపడకుండా ఉండే మనిషా? అమ్మో, పొద్దుగూకినాక ఇట్టాంటియ్యి చెప్పమాక," అని ఆమె దీపం వత్తి ఎగదోసింది.

నలభై మూడో సంవత్సరం వానల్లో కలరా వచ్చింది. జక్కయ్య ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి, రోగుల నోట్లో ఉప్పునీళ్లు పోసి, వాళ్ల పక్కన కూర్చుని జపం చెప్పాడు. నాలుగో రోజు మధ్యాహ్నం తన కడుపులో తేడా తెలిసింది. పిల్లల్ని ఇళ్లకు పంపి, బడి మూసి, "నేను ఇక్కడే పడుకుంటాను" అని మాత్రం ఇంటికి కబురు పెట్టాడు.

పొద్దు వాలే వేళ, జల్లు పడుతుండగా, ఆరోగ్యమ్మ ముంతలో గంజి పోసుకుని మెత్తటి బురదలో అడుగుల చప్పుడు లేకుండా బడి దగ్గరికి వెళ్లింది. తలుపు మూసి ఉంది. లోపల మూలుగు లేదు, పిలుపు లేదు. రాయి మీద ఏదో గీకుతున్న చప్పుడు మాత్రం ఉంది. గీకి ఆగుతోంది, ఆగి గీకుతోంది. ఆమె తలుపు మీద చెయ్యి వేసింది, నెట్టలేదు. పిలవలేదు. ఆ పూటే మూడిళ్ల అవతల తల్లీ కూతుళ్లను ఒకే మంచం మీద మోసుకుపోవడం చూసింది. భయం కాళ్ల నుంచి పైకి ఎక్కింది. చంకన బిడ్డ ఉంటే ఆ బిడ్డ కోసం వెనక్కి తిరిగానని చెప్పుకునేది. ఆ సాకూ లేదు. ముంత గడప మీద పెట్టి ఇంటికి వచ్చేసింది. నాలుగడుగులు వేసేసరికి వెనక ఆ గీకుడు చప్పుడు ఆగిపోయింది.

తెల్లవారి ఆమెను పొరుగువాళ్లు ఇంట్లోనే పట్టి ఉంచారు. జక్కయ్యను వాగు అవతల మిగతా వాళ్లతో కలిపి ఒకే గుంటలో పెట్టి సున్నం పోశారు. ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియదు. శుభ్రం చేయడానికి వచ్చిన మనుషులు బడి నేలకూ గోడలకూ బోర్డుకూ బక్కెట్లతో సున్నపునీళ్లు కొట్టారు. మూడో రోజు ఆరోగ్యమ్మ వచ్చి చూస్తే గంజి ముంత గడప మీద అట్లాగే నిండుగా ఉంది. అందులో సున్నం చుక్కలు పడి విరిగి ఉన్నాయి. బోర్డు మీది సున్నం కడిగి, ఊరి కుర్రకారు మళ్లీ మసి పూసేశారు.

ఆయన ఆ సాయంత్రం ఏం రాశాడు? బడి మూసేసిన తరువాత, రేపు పిల్లలు రారని తెలిసి, ఎవరి కోసం రాశాడు? నెల తిరక్కుండా ఆమె వెళ్లి బడి ఊడ్చే పని అడిగి తీసుకుంది. అందరూ తిండి కోసం అనుకున్నారు. నెలకోసారి ఫాదరు స్వామివారు వచ్చి పూజ చేస్తారు. ఆయన చెవిలో తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఆమె కోడిపిల్లను తిట్టిన సంగతి కూడా చెప్పేది, గడప దగ్గర నుంచి తిరిగొచ్చిన సంగతి చెప్పలేకపోయేది. అది కడుపులో పెట్టుకుని సత్ప్రసాదపు అప్పం తీసుకోవడానికి నోరు తెరవలేకపోయింది. మూడేళ్లు గుడిలో చివరి వరసలో కూర్చుని వచ్చేసింది.

యుద్ధం ముగిసిన మరుసటేడు నరసరావుపేట వైపు నుంచి బాలశౌరి అనే కొత్త పంతులు వచ్చాడు. పాతికేళ్లవాడు, మెతక మనిషి. ఆమె తడిగుడ్డ చూసి, "పెద్దమ్మా, నీళ్లతో తుడిస్తే మసి పోతుంది," అన్నాడు. ఆమె సరే అంది. మర్నాడు మళ్లీ తడిగుడ్డే. అతను చూసి, ఏమీ అనకుండా, ఆమె మోకాళ్ల కింద వేసుకోవడానికి ఒక గోనెపట్టా తెచ్చి అక్కడ పెట్టాడు.

భాద్రపదంలో ముసురు పట్టింది. ఒక పొద్దున, ఇంకా మసక చీకటి ఉండగానే, ఆరోగ్యమ్మ బోర్డు కింది అంచు తుడుస్తుంటే కుడి మూలలో తెల్లగా ఏదో లేచింది. నిట్టకర్ర, కింద చుక్క. సుద్ద అనుకుని రుద్దింది. పోలేదు, ఇంకా తెల్లబడింది. చెయ్యి తీసి చూస్తూ ఉండగానే రాయి ఆరింది, గుర్తు మాయమైంది. ఇంట్లో జపమాల ఒక పదిపూసలు చెప్పేంత సేపు కూడా లేదు.

మర్నాడూ అంతే. మూడో రోజు ఆమె నేలకు వంగి, మొహం రాయికి దగ్గరగా పెట్టి చూసింది. ఆమె ఊపిరి తగిలిన చోట గుర్తు పక్కనే ఒక అక్షరం లేచింది. దాని పక్కన ఇంకొకటి. ఊపిరి బిగబట్టింది. అక్షరాలు ఆగిపోయాయి. వదిలింది. మళ్లీ లేచాయి. నేలకు జానెడు ఎత్తున ఉన్నాయవి. అంత కింద రాయాలంటే మనిషి పడుకుని ఉండాలి.

ఆమె కేక విని బాలశౌరి వేపపుల్ల నోట్లో ఉండగానే పరుగున వచ్చాడు. ఆమె తడుపుతుంటే అతను చదివాడు. "హౌ నియర్ యూ హావ్ కమ్." చదివి లేచి నిలబడ్డాడు. జక్కయ్య రాసిన పాత హాజరు పట్టీ పుస్తకం తెచ్చి పక్కన పెట్టి చూశాడు. తోక పొడుగ్గా లాగిన అవే అక్షరాలు.

"ఏందయ్యా, ఏముంది?"

"ఎంత దగ్గరికి వచ్చావు, అని ఉంది పెద్దమ్మా."

ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు చూశారు.

మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసింది. బావి దగ్గర నీళ్లు తోడుకుంటున్న హన్నమ్మ, "బళ్లో జక్కయ్య రాస్తన్నాడంట! దగ్గరికొచ్చావంటన్నాడంట! ఎవరికి మూడిందో!" అని చేతులు తిప్పింది. మర్నాడు బడికి ఆరుగురు పిల్లలు వచ్చారు. ఆ మర్నాడు ఇద్దరు. వాళ్లు కూడా లోపలికి రామని చూరు కింద నిలబడ్డారు.

బాలశౌరికి చిక్కు వచ్చిపడింది. సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తాడు. పిల్లలు లేని బడిని చూస్తే మూసెయ్యమని రాసిపోతాడు. అతను మౌలాలీని పిలిచి, రాయి మీద ఉన్నదంతా నునుపుగా అరగదీసి కొత్త మసి పూయమన్నాడు. ఆ మాట విని ఆరోగ్యమ్మ అతని ఎదుట చేతులు జోడించింది. తల్లి వయసు మనిషి అలా నిలబడితే అతను చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"ఇంకా మూడు ఉన్నయ్యి బాబూ. ఆయన ఎప్పుడూ నాలుగు రాసేవాడు. అడుగున ఆశ్చర్యం అయింది గదా. దానిపైన ఆజ్ఞ ఉంటది, ఆ పైన అడిగేది, అన్నిటికంటే పైన చెప్పేది. అంతవరకు ఆగండి. ఆ తరువాత మీ ఇష్టం."

"నీకు ఇంగ్లీషు రాదు గదా, ఇదంతా..."

"వాక్యాలు రావు. వరస వచ్చు."

బాలశౌరి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. "శనివారం దాకా," అన్నాడు. ఆ వారమంతా వానజల్లు మీద పడుతున్నా చూరు కింద నిలబడే పాఠం చెప్పాడు.

మౌలాలీ భార్య చాంద్ బీకి ఈ సంగతి తెలిసి, తమ ఇంట్లో ఉన్న మంచి గోనెసంచి ఒకటి నీళ్లలో నానబెట్టి తెచ్చింది. "మసి గట్టిపడి ఉంటది వదినా. ఇది రాయికి ఆనించి ఉంచు, పొద్దుటికి మెత్తబడుద్ది. దోసకాయ గింజల మీద కప్పుతాం చూడు, అట్టా."

"నీకు భయం లేదా?"

"ఉంది. అందుకే ఒక్కదానివే చూడమాకంటన్నా. పొద్దున నేనూ వస్తా."

గురువారం పొద్దున గోనె తీసేసరికి రెండో వరస తేలింది. నేల మీద కూర్చున్న మనిషి చెయ్యి చాపితే అందేంత ఎత్తున ఉంది. రెండే మాటలు, చివర వట్టి చుక్క.

"గో హోమ్," అని చదివాడు బాలశౌరి. "ఇంటికి వెళ్లు."

వాకిట్లో నుంచి తొంగిచూస్తున్న హన్నమ్మ, "ఇంకేం, పొమ్మంటన్నాడుగా! పో మరి!" అంది.

"నోరు ముయ్యవే తల్లీ," అని చాంద్ బీ కసిరింది. "ఎవర్ని పొమ్మన్నాడో పేరు ఉందా అక్కడ?"

పేరు లేదు. అయినా ఆ మనిషి అక్కడ ఉన్నట్టేనని ఆరోగ్యమ్మకు తెలుసు. ఆమె ఆ రోజు అన్నం ముట్టలేదు. చాంద్ బీ తెచ్చిన జొన్నరొట్టె చీర చెంగులో కట్టుకుని అట్లాగే కూర్చుంది.

శుక్రవారం పొద్దున మూడో వరస వచ్చింది. చివర కొక్కెం. ఈసారి బాలశౌరి మెల్లగా చదివాడు. "హూ స్టాండ్స్ అవుట్‌సైడ్. బయట నిలబడింది ఎవరు, అని అడుగుతున్నాడు."

ఆరోగ్యమ్మ గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. మూడేళ్లు లోపల దాచినదంతా ఆ పూట చెప్పేసింది. గంజి ముంత, తలుపు మీద చెయ్యి, గీకుడు చప్పుడు, భయం, తిరిగి నడిచిన నాలుగడుగులు. "నేనేనయ్యా నిలబడింది. అడిగాడు. నేను పలకలా. నేను తలుపు నెట్టి లోపలికి పోయుంటే నోట్లో ఒక గుక్క నీళ్లన్నా పోసేదాన్ని. దాహంతో పోయాడు. కట్టుకున్నది ఈడ నిలబడి ఉండగా దాహంతో పోయాడు."

చాంద్ బీ ఆమె తల తన ఒళ్లోకి లాక్కుంది. అప్పటికే రాయి ఆరిపోయింది. అక్షరాలు పోయాయి.

శనివారం మౌలాలీ గరుకురాయి, నీళ్ల కుండ పట్టుకుని వచ్చాడు. నాలుగో వరస ఇంకా తేలలేదు. తడి అంత ఎత్తుకు ఎక్కలేదు. పైభాగంలో మసి మందంగా ఉంది. గోనె అక్కడ ఆగలేదు.

"ఏం చెయ్యమంటారు?" అన్నాడు మౌలాలీ.

బాలశౌరి ఆరోగ్యమ్మ వైపు చూశాడు. "ఇంకో రోజు ఆగుదామా పెద్దమ్మా?"

"వద్దు. రుద్దెయ్యి తమ్ముడూ. పైన ఉండేది చెప్పే వాక్యం. ఏం చెప్పుంటాడు? నా భార్య వచ్చి నిలబడి వెళ్లిపోయిందని చెప్పుంటాడు. అది పిల్లలు చదవాల్సిన పన్లేదు. నేను వినలేను. రుద్దు."

ఆమె వెనక్కి తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, జపమాల తీసింది. మౌలాలీ బిస్మిల్లా అనుకుని పైన నీళ్లు కొట్టి, గరుకురాయి ఆనించి రుద్దడం మొదలుపెట్టాడు. మొదట మసి నల్లగా కారింది. ఆ చప్పుడు విని ఆరోగ్యమ్మ వేళ్లు పూసల మీద ఆగిపోయాయి. అదే చప్పుడు. గీకి ఆగుతోంది, ఆగి గీకుతోంది.

ఇంతలో అది నిజంగానే ఆగింది.

"పంతులుగారూ," అన్నాడు మౌలాలీ నెమ్మదిగా. "ఇటు రండి."

అరగదీయడానికి రుద్దిన చోటే, మసి పోయి, కింద సున్నం నిండిన గీతలు తెల్లగా తేలాయి. నాలుగో వరస. మిగతా మూడింటిలాగ కిందికి జారిపోకుండా తిన్నగా ఉంది. మనిషి నిలబడి రాసిన రాత. చివర వట్టి చుక్క.

బాలశౌరి లోపల్లోపల చదువుకున్నాడు. మళ్లీ చదువుకున్నాడు. "పెద్దమ్మా, నీ గురించి కాదు. ఐ హావ్ బోల్టెడ్ ది డోర్. తలుపుకు లోపల గడియ వేశాను, అని ఉంది."

మౌలాలీ చేతిలోంచి గరుకురాయి జారి కుండ మీద పడింది. కుండ పగిలి నీళ్లు గదంతా పారాయి.

"గడియ," అన్నాడు. "అక్కా, ఆ గడియ మేమే పగలగొట్టాం. తెల్లారి ఆయన్ను తీసుకుపోవడానికి వచ్చిన నలుగుర్లో నేనొకణ్ణి. తలుపు రాలేదు. గునపం పెట్టి లేపాం. లోపల ఒక్కడే గడియ వేసుకుని పోయాడని తెలిస్తే నువ్వు తట్టుకోలేవని, నీకు చెప్పొద్దని నేనే వాళ్ల చేత ఒట్టు వేయించా. మంచి చేశాననుకున్నా."

ఆరోగ్యమ్మ లేచింది. నీళ్లలో అడుగులు వేసుకుంటూ తలుపు దగ్గరికి వెళ్లింది. ద్వారబంధానికి లోపలి వైపున రెండు బెజ్జాలు ఉన్నాయి. చుట్టూ చెక్క చీలి ఉంది. మూడేళ్లుగా ఆమె ప్రతి పొద్దునా చీపురుతో వాటి పక్కగానే ఊడుస్తోంది, బూజు పడితే దులుపుతోంది, ఎవరో పాత ఇనుముకు ఆశపడి గడియ ఊడబెరుక్కు పోయారనుకుంది. ఒక్కసారీ ఇంకోలా ఆలోచించలేదు. ఇప్పుడు చూపుడువేలు ఆ బెజ్జంలో పెట్టింది. వేలు సగం దాకా పోయింది.

"నేను నెట్టినా తెరుచుకునేది కాదన్నమాట," అంది.

"కాదక్కా. మేం నలుగురం నెడితే రాలేదు."

ఆమె మళ్లీ బోర్డు దగ్గరికి వచ్చి పైనుంచి కిందికి, ఆయన రాసిన వరసలో, నాలుగూ చదివించుకుంది. తలుపుకు లోపల గడియ వేశాను. బయట నిలబడింది ఎవరు? ఇంటికి వెళ్లు. ఎంత దగ్గరికి వచ్చావు! కింది నుంచి పైకి వచ్చినప్పుడు దయ్యం మాటల్లా ఉన్నవే, పైనుంచి కిందికి వినేసరికి ఇంట్లో మనిషి మాటల్లా ఉన్నాయి.

బాలశౌరి నిజాయితీ గల మనిషి. ఉన్నది చెప్పాలనుకున్నాడు. "పెద్దమ్మా, ఇది వట్టి పాఠం కూడా కావచ్చు. నాలుగు రకాలకు నాలుగు రాశాడేమో."

"ఆయన నాతో ఏం మాట్లాడినా పాఠం చెప్పినట్టే ఉండేదిలే బాబూ," అంది ఆరోగ్యమ్మ. మూడేళ్లలో ఆమె నవ్వడం వాళ్లు అప్పుడే చూశారు.

సున్నం గీతల్లోకి ఎట్లా దిగిందో, తడిగుడ్డకు మసి ఎట్లా లేచిందో మౌలాలీ రాయి ఎరిగినవాడు కనుక పిల్లలందరికీ వివరంగా చెప్పాడు. రోజూ తుడిచింది నేనే గదా, బయటికి తెచ్చింది నా చెయ్యే గదా అని ఆరోగ్యమ్మ కూడా ఒప్పుకుంది. కానీ చాంద్ బీ ఒక్క సంగతి అడిగింది. "నువ్వు పిలవలేదంటివి, అడుగుల చప్పుడు లేదంటివి, వాన పడతా ఉందంటివి. మరి వచ్చింది నువ్వేనని ఆయనకు ఎట్టా తెలిసింది వదినా?"

మౌలాలీ ఆ రాతను అరగదీయలేదు. పైన పల్చగా మసి పూశాడు. ఆదివారం బాలశౌరి ఇల్లిల్లూ తిరిగి ఉన్న సంగతి చెప్పాడు. అందరికంటే ముందు తన మనవరాళ్లను చేత పట్టుకుని బడికి తెచ్చింది హన్నమ్మే. సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చి, పిల్లల్ని ఏది ఏ రకం వాక్యమో అడిగి, ఇంత చిన్న పల్లెలో ఇంత బాగా చెప్పారే అని మెచ్చుకుని వెళ్లాడు. తరువాతి నెల స్వామివారు వచ్చినప్పుడు ఆరోగ్యమ్మ పాపసంకీర్తనం చానాసేపు పట్టింది. ఆ పూట ఆమె ముందు వరసలో మోకరించి సత్ప్రసాదం తీసుకుంది.

బాలశౌరి ఆమెకు ఆ నాలుగు వాక్యాలూ నేర్పాడు. ఇంకేమీ నేర్చుకోనంది. అప్పటినుంచి పొద్దున బోర్డు తుడిచేటప్పుడు మెల్లగా ఏదో గొణగడం దారిన పోయేవాళ్లకు వినిపించేది. జపం అనుకునేవాళ్లు. ఒక్కోసారి మధ్యలో ఆగేది, ఎవరో బదులు చెప్తుంటే వింటున్నట్టు. అప్పుడు పిల్లలు గడప బయటే ఆగి, ఆమె మళ్లీ మొదలుపెట్టిందాకా లోపలికి వచ్చేవాళ్లు కాదు. వాళ్లకు అట్లా ఎవరూ చెప్పలేదు.

నలభై తొమ్మిదిలో గురజాల నుంచి కొత్త చెక్క బోర్డు వచ్చింది. నాపరాయిని పెకలించి బయట పెట్టడానికి మౌలాలీనే పిలిచారు. అప్పటికి ఆరోగ్యమ్మకు ఆయాసం పట్టుకుంది. ముంత మోయలేక చాంద్ బీ చేత మోయించుకుని వస్తోంది. అయినా ఆ రోజు వచ్చి, రాయిని బండి మీదికి ఎక్కిస్తుంటే పక్కన నిలబడింది.

"ఇదేం చేస్తావు తమ్ముడూ?"

"ఏముందక్కా, ఎవరి ఇంటికన్నా అరుగుకు వేస్తా. మంచి రాయి."

"అరుగుకు వెయ్యమాక. నీ దొడ్లో ఓ మూల నిలబెట్టి ఉంచు. ఎక్కువ రోజులు పట్టదులే." ఆమె చెయ్యి ఎత్తి రాయి మీద వేసింది, తలుపు మీద వేసినట్టు. "ఆయనకు గోరీ లేదు, ఏడున్నాడో తెలవదు. నాకు ఒకటి ఉంటది గదా, దాని మీద దీన్ని పరిచి పెట్టు. రాత కిందకి ఉండాల, నా వైపుకి. ఊరంతా ఎందుకు, నేనొక్కదాన్నే చదువుకుంటా. ఇంకోటి తమ్ముడూ, ఆత్మల పండక్కి అందరి గోరీలకూ సున్నం కొడతారు. ఆయన మీద పోసిన సున్నం చాలు, నా దానికి కొట్టనియ్యమాక."